భీమిలి పేరుతో ఓడెక్కిన మన కరక్కాయ

పోస్టు కాస్త పొడుగు, తీరిగ్గా చదవండి.

డిగ్రీలో కెమిస్ట్రీ తీసుకున్నవాళ్ళకి ఫీనాల్ నైట్రేషన్ ప్రాక్టికల్ గుర్తుండే ఉంటుంది. సజల నత్రికామ్లంతో చల్లగా చేస్తే ముఖ్యంగా రెండు పదార్థాలు వస్తాయి, ఆర్థో నైట్రోఫీనాల్, పారా నైట్రోఫీనాల్. రెండిట్లో పరమాణువులు అవే, లెక్కా అదే. నైట్రో సమూహం కూర్చున్న చోటే వేరు. వాటిని విడదీసి చూడ్డానికి సిలికా పూసిన ప్లేటు అడుగున చిన్న చుక్క పెట్టి ద్రావణిలో నిలబెడతాం. అదే టీఎల్‌సీ. ద్రావణి పైకి పాకుతూ చుక్కని లాక్కుపోతుంది. ఆర్థోలో రెండు సమూహాలూ పక్కపక్కనే ఉండి తమలో తామే హైడ్రోజన్ బంధం కట్టుకుంటాయి, సిలికాని పెద్దగా పట్టించుకోవు, కాబట్టి ఆ చుక్క పైకి పోతుంది. పారాకి ఆ వీలు లేదు. సిలికాకి అతుక్కుని కిందే ఉండిపోతుంది.

రికార్డులో బొమ్మ గీసి సంతకం పెట్టించుకున్నాం, అయిపోయింది. ఈ ప్రాక్టికల్‌కీ మన కొండలకీ సంబంధం ఉందని మాకెవరూ చెప్పలేదు.

1771లో పీటర్ వుల్ఫ్ అనే రసాయనవేత్త నీలిమందు మీద నత్రికామ్లం పోశాడు. పట్టుకి అద్దితే పసుపురంగు పట్టే పదార్థం వచ్చింది. తర్వాతి కాలంలో దాన్నే పిక్రిక్ ఆమ్లం అన్నారు. ఫీనాల్ వలయానికి మూడు నైట్రోలు తగిలితే అదే. అంటే ప్రయోగశాలలో జరిగిన తొలి నైట్రేషన్లలో ఒకదానికి ముడిసరుకు మన నీలిచెట్టు ఆకు నుంచి వచ్చే రంగు. 1826లో ఉన్‌ఫెర్డోర్బెన్ అదే నీలిమందుని బట్టీ పట్టి మరో ద్రవం తీశాడు. దానికి తర్వాత అనిలిన్ అనే పేరు స్థిరపడింది. పోర్చుగీసులో నీలిమందుని 'అనిల్' అంటారు, అది అరబ్బీ మీదుగా మన 'నీల' నుంచే పోయింది! 1834లో మిట్‌షెర్లిక్ బెంజీన్‌ని నైట్రేషన్ చేశాడు, 1842లో జినిన్ ఆ నైట్రోబెంజీన్‌నే అనిలిన్‌గా మార్చాడు. ఇక ఆకు అవసరం లేదు, బొగ్గు తారు చాలు. 1897లో జర్మనీ కంపెనీ బీఏఎస్‌ఎఫ్ కృత్రిమ నీలిమందుని బజారులోకి దింపింది. ఆ తర్వాత కొన్నేళ్ళకే మన దేశంలో నీలి సాగు కుప్పకూలింది.

మన దగ్గర ఇది ఎక్కడ తగిలిందంటే, సవరల కొండల కింద ఉన్న పాలకొండలో. మద్రాసు ఆర్బత్‌నాట్ కంపెనీ ఆ ఎస్టేటుని కౌలుకి తీసుకుని నీలిమందు చేయించింది. కంపెనీ 1906లో దివాళా తీసింది. అయితే ఆ దివాళాకి వేరే కారణాలున్నాయి, అన్నిటినీ జర్మనీ మీదికి నెట్టక్కర్లేదు.

ఇప్పుడు భీమిలికి వద్దాం. మనం అక్కడికెళ్ళి డచ్చి సమాధుల దగ్గర ఫోటో దిగి వస్తాం. 17వ శతాబ్దం నుంచి డచ్చివాళ్ళ వర్తక స్థావరం అది, 1825లో ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. దాని పక్కనే సముద్రంలో కలిసే గోస్తనీ ఎక్కడ పుట్టింది? అనంతగిరి కొండల్లో. బొర్రా గుహల మీదుగా వచ్చే నీళ్ళే అవి.

భీమిలి రేవు నుంచి పోయిన సరుకుల్లో కరక్కాయ ముఖ్యమైనది. బగతలు, కొండదొరలు, కోదులు, పోర్జలు, గదబలు అడవిలో ఏరి ఎండబెట్టి సంతకి తెచ్చేవాళ్ళు. జయపురం వైపు సరుకు ఘాటు దిగి సాలూరు మీదుగా వచ్చేది. రేవులో ఓడలు ఒడ్డుకి దూరంగా లంగరేసేవి, మసూలా పడవల్లో మూటలు చేరవేసేవాళ్ళు. ఎండు కాయలో సుమారు మూడో వంతు టానిన్. తోలులోని ప్రోటీన్లని పట్టుకుని కుళ్ళిపోకుండా కాపాడేది అదే. లండన్ తోలు వ్యాపారులు కరక్కాయని రేవుని బట్టీ ఊరిని బట్టీ పిలిచేవాళ్ళు. జబల్‌పూర్ వైపువి జబ్బల్‌పూర్లు, మనవి 'బిమ్లీలు'. భీమిలి ఆ కాయ ఓడ ఎక్కిన ఊరే గాని కాసిన ఊరు కాదు. ఏరినవాళ్ళ పేరు ఏ రకానికీ లేదు. ఏరినవాళ్ళకి మిగిలింది షావుకారు దగ్గర ఉప్పు, బట్ట, అప్పు. ఆ అప్పులు ఎంత ముదిరాయో చూడాలంటే 1917 ఏజెన్సీ చట్టం చాలు. వడ్డీకీ, భూమి చేతులు మారడానికీ కలిపి ఒకే చట్టం చేయాల్సి వచ్చింది.

తర్వాత రైలు భీమిలిని వదిలేసి లోపలి నుంచి పోయింది. 1933లో విశాఖ హార్బరు తెరిచారు. భీమిలి రేవు సద్దుమణిగింది. కరక్కాయ కొనుగోలు 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ చేతికి వచ్చింది.

చివరగా మళ్ళీ ప్లేటు దగ్గరికి. టీఎల్‌సీని మొదట వాడింది 1938లో ఖార్కివ్‌లో ఇజ్మాయిలోవ్, ష్రైబర్. వాళ్ళు పరీక్షించింది ఔషధ మొక్కల కషాయాల్నే! కరక్కాయలోని గాలిక్ ఆమ్లం కూడా ఫీనాల్ లాంటి వలయమే, మూడు ఓహెచ్‌లూ ఒక ఆమ్ల సమూహమూ తగిలినది. టోలుయీన్, ఈథైల్ ఎసిటేట్, ఫార్మిక్ ఆమ్లం కలిపిన ద్రావణిలో ప్లేటు నడిపి, ఫెరిక్ క్లోరైడ్ చల్లితే చుక్క నీలినలుపుగా లేస్తుంది. కలంకారీవాళ్ళు బట్టని కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి, ఇనుము నీళ్ళతో గీసే నల్ల గీతా ఇదే రసాయనం.

మా బ్యాచ్‌లో కొందరం ఈసారి ఇంటి నుంచి నాలుగైదు ఊళ్ళ కరక్కాయలు తెచ్చి పక్కపక్కన చుక్కలు పెట్టి చూద్దామనుకుంటున్నాం. ఫార్మిక్ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది, గ్లోవ్స్ లేకుండా ముట్టొద్దు. కాయలు తేగలిగినవాళ్ళు ఊరి పేరు, ఏరిన నెల, ఏరినవాళ్ళ పేరు చీటీ మీద రాసి సంచిలో వేయండి.