పేరులోనే కులం, గోడ మీదే సినిమా

కనిగిరి దగ్గరి హనుమంతునిపాడు చుట్టుపక్కల పల్లెల్లో సినిమా పోస్టరు ఆయుష్షు మహా అయితే వారం. టౌను నుంచి సైకిలు మీద వచ్చిన మనిషి బకెట్లోని మైదా జిగురు పూసి గోడకు అంటించి పోయేవాడు. ఆ జిగురు రుచి మరిగిన మేకలు తెల్లారేసరికి కింది సగం లాగేసేవి. మిగిలిన సగం మీద మరుసటి వారం ఇంకో సినిమా ఎక్కేది. అంటించకుండా మిగిలిన కాగితం అలమరలో పరుపయ్యేది, లేదంటే పిల్లల పుస్తకాలకు అట్టయ్యేది. పాటల పుస్తకం మాత్రం జేబులో ఇంటికొచ్చేది గనుక కొంత బతికింది.

అమెరికాలో మాత్రం 27 అంగుళాల వెడల్పు, 41 అంగుళాల పొడవు ఉండే పాత పోస్టర్లను వెతికి కొనేవాళ్లున్నారు. వాళ్లలో కొందరి చూపు జాతి వివక్ష మీద తీసిన సినిమాల వైపే. 1949 నాటి 'పింకీ'లో నల్లజాతి అమ్మాయి పాత్ర వేసింది జీన్ క్రెయిన్ అనే తెల్ల నటి. టెక్సాస్‌లోని మార్షల్ ఊళ్లో ఆ సినిమా ఆడించిన థియేటరు మనిషికి శిక్ష పడితే, 1952లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 1959 నాటి 'ఇమిటేషన్ ఆఫ్ లైఫ్'కు ప్రాణం పోసిన నల్లజాతి తల్లి పాత్రలో జువానిటా మూర్ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ప్రచారంలో ముందు నిలబడింది మాత్రం లానా టర్నర్. ఇలా జాతి సంగతి దాచిపెట్టడం వల్లే ఆ కాగితాలకు అంత విలువ అని నాకనిపిస్తుంది.

మన దగ్గర జరిగింది దీనికి తలకిందులు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తన సినిమాకు 'మాలపిల్ల' అనే పేరే పెట్టాడు. గాంధీ హరిజన యాత్ర 1933 చివర్లో ఆంధ్రలో సాగింది. 1936లో తిరువాన్కూరు గుళ్ల తలుపులు అన్ని కులాలకూ తెరుచుకున్నాయి. అయినా అప్పటి నెల్లూరు జిల్లా కనిగిరి తాలూకాలోనే కాదు, ఏ పల్లెలోనైనా ఆ పేరు పెద్దక్షరాల్లో గోడెక్కడం చిన్న సంగతి కాదు. కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి, డబ్బు చల్లపల్లి రాజాది. ఆలయ ప్రవేశం కోసం పోరాడే ఊళ్లో బ్రాహ్మణ యువకుడు మాలపల్లె అమ్మాయిని ప్రేమిస్తాడు. ఇద్దరూ కలకత్తా పోతారు, అక్కడ ఆమె చదువుకుంటుంది.

ఆ అమ్మాయి కాంచనమాల. చేతుల్లేని జాకెట్టులో ఆమె బొమ్మతో అచ్చయిన క్యాలెండర్లు తెలుగిళ్లల్లో వేలాడాయి. పేరు మాలపల్లెది, బొమ్మ మాత్రం పట్నం చదువు వంటబట్టిన నాజూకు పిల్లది. బొమ్మకు మేకు కొట్టినవాళ్లంతా పల్లె అవతలి గుడిసెల దాకా నడిచారనుకోవడం అమాయకత్వం. అయినా ఆ పేరు ఇంట్లోకొచ్చింది, అది తక్కువేం కాదు.

మరుసటి ఏడాది అదే రామబ్రహ్మం 'రైతుబిడ్డ' తీస్తే జమీందార్లకు మండింది. వెంకటగిరి, బొబ్బిలి వారు అడ్డుపడ్డారు, కొన్ని చోట్ల నిషేధమూ పడింది. కనిగిరికి పొరుగునున్న పొదిలి, దర్శి అప్పట్లో వెంకటగిరి వారి జమీందారీలోవే. తమాషా ఏమిటంటే, ఈ సినిమా వెనకున్న చల్లపల్లి రాజా కూడా జమీందారే.

ఆ తర్వాత చాలా సినిమాల్లో కులం కథలో మిగిలింది గానీ పేరులోంచి తప్పుకుంది. 'కాలం మారింది' (1972), 'బలిపీఠం' (1975), 'సప్తపది' (1981) అన్న పేర్లు చదివితే లోపలి గొడవ బయటపడదు. గోడ మీద శోభన్‌బాబు, శారద కనిపిస్తే 'బలిపీఠం' జనానికి ముందు కుటుంబ సినిమా. ఆ కాలపు పోస్టర్ల సంగతి తెలియాలంటే వేల సినిమాలకు డిజైన్లు చేసిన ఈశ్వర్ రాసిన 'సినిమా పోస్టర్' పుస్తకం చదవాలి.

సేకరించాలనుకునేవాళ్లు పెద్ద పోస్టరు కోసం పట్టుబట్టకుండా పాటల పుస్తకాలు, కరపత్రాలు, క్యాలెండర్లతో మొదలుపెడితే మేలు. కింది అంచున ప్రెస్సు పేరు, ఊరు చిన్నక్షరాల్లో ఉన్నాయేమో చూడండి. మడతల దగ్గర రంగు రాలి ఉంటే భయపడొద్దు. పాత బొమ్మకు కొత్తగా తీసిన నకలులో మడత కూడా బొమ్మే, వేలికి తగలదు. చిరిగినచోట సెల్లోటేపు మాత్రం వెయ్యకండి, జిగురు కాగితంలోకి ఇంకి పసుపు మరకవుతుంది. ఇంట్లో దాచలేకపోతే 1964లో మొదలైన పుణె జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. అక్కడ రీళ్లతో పాటు పోస్టర్లనూ పాటల పుస్తకాలనూ భద్రం చేస్తారు.