పిండి బస్తా గౌను, అమ్మమ్మ బొంత

1930లలో అమెరికా పల్లెల్లో దాణా కొట్టుకు బయలుదేరే రైతు చేతికి ఇల్లాలు ఒక చిన్న గుడ్డముక్క ఇచ్చి పంపేది. అదే రంగు, అవే పువ్వులున్న బస్తా వెతికి తేవాలి. అది అట్టడుగున ఉంటే పైనున్న బస్తాలన్నీ దించాల్సిందే! కోళ్ళకు ఏ దాణా మంచిదన్నది తర్వాతి సంగతి. ముందు గౌనుకు మూడో బస్తా కావాలి.

మనం ఉంటున్న ఈ దేశపు చరిత్రలో నాకు బాగా నచ్చిన అధ్యాయం ఇది. పాఠ్యపుస్తకాల్లో దీనికి పెద్దగా చోటు దొరకదు.

ఒకప్పుడు ఇక్కడ పిండి, ఉప్పు, గింజలు చెక్క పీపాల్లో వచ్చేవి. 1846లో ఎలయస్ హోవ్ కుట్టుమిషనుకు పేటెంటు పొందిన తర్వాత, బరువుకు పిగిలిపోని గట్టి కుట్టు వేయటం సాధ్యమై, నెమ్మదిగా గుడ్డ సంచులు పీపాల స్థానంలోకి వచ్చాయి. నూలుగుడ్డను పారేసే ఇల్లాలు ఏ దేశంలోనూ ఉండదు కదా! కుట్టు కొసను సరిగ్గా పట్టి లాగితే దారమంతా ఊడి వచ్చేది. ఆ దారాన్ని చుట్టి దాచి అల్లికలకు వాడేవారు. గుడ్డ మీద పిండి కంపెనీ ముద్రను పోగొట్టటమే అసలు కష్టం. కిరోసిన్‌లోనో, పందికొవ్వులోనో నానబెట్టి, గాటు సబ్బుతో రుద్ది ఉతికేవారు. అయినా పోకపోతే ఆ ముక్క లోదుస్తులకు వెళ్ళేది. వంగినప్పుడు వెనక పిండి కంపెనీ పేరు కనిపించిందనే హాస్యాలు ఆ తరంలో బోలెడు.

1920ల నడుమ సెయింట్ లూయిస్‌లోని జార్జ్ పి. ప్లాంట్ మిల్లింగ్ కంపెనీ 'జింగమ్ గర్ల్' పిండిని గళ్ళగుడ్డ సంచుల్లో అమ్మటం మొదలుపెట్టింది. 1929 తర్వాత ఆర్థికమాంద్యం వచ్చి చేతిలో డబ్బు ఆడనప్పుడు మిగతావాళ్ళూ అదే బాట పట్టారు. డిజైనర్లను పెట్టుకుని పువ్వులు, చారలు, బొమ్మలు అద్దించారు. కంపెనీ పేరును నీళ్ళలో కరిగిపోయే సిరాతోనో, ఊడిపోయే కాగితం చీటీగానో మార్చారు. నూరు పౌన్ల సంచి విప్పితే గజం పైచిలుకు గుడ్డ. మూడు సంచులైతే పెద్దవాళ్ళ గౌను. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, తయారుచేసినవాడు ఊహించని వాడకాన్ని యూజర్ కనిపెడితే, తయారీదారుడు వచ్చి దాన్నే ఫీచర్‌గా చేర్చుకున్నాడన్నమాట. పిండి కొనేది మగవాడే అయినా, ఏ పిండి కొనాలో నిర్ణయించింది కుట్టుమిషను ముందు కూర్చున్న ఆడమనిషి.

రెండో ప్రపంచయుద్ధంలో మన దేశం నుంచి వచ్చే జనపనార సరఫరా దెబ్బతినటంతో నూలు సంచుల అవసరం ఇంకా పెరిగింది. 1942లో అమెరికా ప్రభుత్వం కొత్త దుస్తులకు ఎంత గుడ్డ వాడవచ్చో హద్దులు పెట్టింది. మరుసటేడు, 1943లో, బ్రిటిష్ ఇండియాలో నూలుబట్టల కంట్రోలు ఉత్తర్వు వచ్చింది. మన పెద్దవాళ్ళు 'కంట్రోలు రోజులు' అని తలుచుకునే కాలం అదే. అక్కడా ఇక్కడా ఒకే కరువు, ఒకే సూది.

యుద్ధం తర్వాత చవకైన కాగితం సంచులు వచ్చి ఈ కథ ముగింపుకొచ్చింది. సంచి గుడ్డలతో కుట్టుపోటీలు పెట్టి నిలబెట్టాలని చూశారు కానీ నిలవలేదు. కాన్సాస్‌లోని కాల్డ్‌వెల్ నివాసి డొరొతీ ఓవరాల్ 1959లో అలాంటి పోటీ కోసం కుట్టిన గౌను స్మిత్సోనియన్ మ్యూజియం సేకరణలో ఉంది. పేదరికాన్ని దాచుకోవటానికి ముద్ర చెరిపేసిన గుడ్డకు మ్యూజియంలో చోటు దొరికింది!

మన ఇళ్ళలో ఈ విద్య తక్కువేమీ కాదు. అమ్మ పట్టుచీర చిరుగు పడితే అంచు, పైట చెడకుండా తీసి కూతురికి పరికిణీ కుట్టించేవారు. నేతచీర నలిగితే ఉయ్యాల అయ్యేది, ఆ తర్వాత మసిగుడ్డ. పాత చీరలు, పంచెలు పొరలుగా పరిచి, పైన కాస్త గట్టిది కప్పి, పెద్ద సూదితో వరసలు వరసలుగా కుడితే బొంత. వీధిలో పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చేవాడు, వెండి కోసం పాత జరీ కొనేవాడు ఉండనే ఉన్నారు. కానీ మన బొంతల్లో ఫలానా ఆవిడ ఫలానా ఏడు కుట్టింది అని చెప్పగలిగినవి ఎన్ని? తెలుగిళ్ళలో బొంత చిరిగేదాకా కప్పుకుంటాం, తర్వాత పారేస్తాం.

అలబామాలోని గీస్ బెండ్ అనే చిన్న ఊళ్ళో నల్లజాతి స్త్రీలు కుట్టిన బొంతలు 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ప్రదర్శనకెక్కాయి. 2006లో తపాలా బిళ్ళల మీదికీ వచ్చాయి. వాళ్ళలో మిస్సోరి పెట్‌వే 1942లో, భర్త పోయాక, ఆయన పొలంలో వేసుకున్న బట్టలన్నీ కత్తిరించి ఒక బొంత కుట్టింది. ఆ మోకాళ్ళ అతుకులు, వెలిసిన నీలం అలాగే కనిపిస్తాయి. ఆయన గుర్తుగా, కప్పుకుని పడుకోవటానికి కుట్టుకుంది.

ఇలాంటి సంబరాల్లో మన ఆడపిల్లలు తొడుక్కునే లంగాల్లో కొన్ని అమ్మల పెళ్ళిచీరలే. కొందరు పెద్దవాళ్ళకు ఆ కత్తెర చప్పుడు గిట్టదు. నా మట్టుకు నాకు, క్లోజెట్‌లో మడతల దగ్గరే జరీ విరిగి చిరిగిపోవటం కన్నా ఇది నయం. కాకపోతే ఆ చీర ఎవరిది, ఏ ఊరి మగ్గం మీద నేసింది, ఎప్పుడు కట్టుకున్నారు అన్నది లోపలి వైపు ఒక చిన్న పట్టీ మీద కుట్టించండి.

పురుళ్ళకని అమెరికా వచ్చే అమ్మమ్మల సూట్‌కేసుల్లో ఆవకాయ పక్కన ఇప్పటికీ మెత్తబడ్డ పాత నేతచీరలు ఉంటాయి. ఇక్కడి దుకాణంలో ఎంత మంచి దుప్పటి దొరికినా వాళ్ళు ఒప్పుకోరు. పొత్తిగుడ్డలు మాత్రం ఆ చీరల నుంచే చింపుతారు.