యూపీఎస్ ఎవరి కోసం పుట్టింది?

మొన్న సంక్రాంతికి అమ్మమ్మ మా ఇంటికొచ్చింది. ఆవిడ చిన్నప్పుడు నేర్చుకున్న పెళ్ళిపాటలు కొన్ని మా ఇంట్లో ఇంకెవరికీ రావు. బెడ్‌రూంలో నేను పెట్టుకున్న బుల్లి స్టూడియోలో కూర్చోబెట్టి పాడించాను. రెండో పాట మధ్యలో కరెంటు పోయింది. యూపీఎస్ టక్కుమని అందుకుంది, రికార్డింగు ఆగలేదు. పెట్టిన డబ్బులు దండగ కాలేదని మురిసిపోయాను. రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఏముంది, కరెంటు పోయిన దగ్గర్నుంచీ పాట వెనకాల ఒకటే జుయ్‌మని మోత!

ఇంజనీరింగ్ చదివి ఇదేం కొనడంరా అని నన్ను నేనే తిట్టుకుని, ఈ డబ్బా పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం మొదలెట్టాను.

1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటె లెడ్ యాసిడ్ బ్యాటరీ తయారుచేశాడు. తర్వాత దాన్ని బాగా వాడుకున్నవాళ్ళలో టెలిఫోను వాళ్ళొకరు. పాత ల్యాండ్‌లైన్ గుర్తుందా? వీధంతా చీకటైనా ఫోను మోగేది. ఎక్స్ఛేంజిలో 48 వోల్టుల బ్యాటరీలు ఉండేవి, మన మాట నడిచేది ఆ డీసీ మీదే. కరెంటున్నప్పుడూ అంతే. కరెంటు పని బ్యాటరీని చార్జి చెయ్యడం వరకే. చార్జరు మోత లైన్లోకి రాకుండా ఫిల్టర్లు కూడా పెట్టేవాళ్ళు. గొంతుని ఎలా కాపాడాలో వాళ్ళకి వందేళ్ళ క్రితమే తెలుసన్నమాట.

'ఇన్వర్టర్' అన్న పేరు 1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు డేవిడ్ ప్రిన్స్ రాసిన వ్యాసంతో వాడుకలోకొచ్చింది. 1957లో థైరిస్టర్ వచ్చాక ఇన్వర్టర్లు చిన్నవవడం మొదలైంది. ఆ తర్వాత పీసీలు వచ్చాయి. 1981లో సోలార్ పనికని మొదలైన ఏపీసీ కంపెనీ, 1984లో యూపీఎస్‌ల వైపు తిరిగింది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. కంప్యూటర్లోని ఎస్ఎంపీఎస్ వచ్చిన ఏసీని ముందు డీసీగా మార్చేసుకుంటుంది, కాబట్టి వేవ్ ఏ ఆకారంలో ఉన్నా దానికి పెద్ద పట్టింపు లేదు. అందుకే చవకగా అయ్యే స్క్వేర్ వేవ్‌తో సరిపెట్టారు. కంప్యూటరుకి అది సరైన ఇంజనీరింగే, తప్పు పట్టలేం.

2012 కోతల్లో మా నాన్న ఇన్వర్టర్ తెచ్చిన రోజు నుంచీ మా ఇంట్లో ఫ్యాను గుర్రుమనేది. అదీ ఈ స్క్వేర్ వేవ్ మహిమే. గాలొస్తే చాలని మేమెవరం పట్టించుకోలేదు. కానీ మైకు పట్టించుకుంటుంది కదా! 50 హెర్ట్జ్ స్క్వేర్ వేవ్‌లో 150, 250, 350... ఇలా బేసి గుణిజాలన్నీ ఉంటాయి. నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న మిక్సర్లో బరువైన పాత ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, మోత అందులోంచే వచ్చింది. ఆడవాళ్ళ గొంతు ఉండేదీ ఆ ఫ్రీక్వెన్సీల్లోనే. మోతని ఫిల్టర్‌తో కోస్తే అమ్మమ్మ గొంతూ తెగిపోతోంది.

ఇంతకీ ఏం కొనాలి? డబ్బా మీద 'సిమ్యులేటెడ్ సైన్ వేవ్' అని ఉంటే పక్కన పెట్టెయ్యండి, అది స్క్వేర్ వేవ్‌కి ముద్దుపేరు :) ప్యూర్ సైన్ వేవే తీసుకోండి. వీఏ అంకె కాకుండా వాట్లు చూడండి. మామూలు యూపీఎస్ బ్యాటరీకి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆన్‌లైన్ యూపీఎస్‌లో ఆ మారడమే ఉండదు, ఒకరకంగా పాత ఎక్స్ఛేంజి పద్ధతే. కాకపోతే దాని కూలింగ్ ఫ్యాను చప్పుడు చేస్తుంది, పక్క గదిలో పెట్టుకోవాలి.

నేను మాత్రం ఇంకా ఏదీ కొనలేదు. దసరాకి అమ్మమ్మ దగ్గరికి వెళ్తున్నాను. మిక్సర్ వద్దు, యూపీఎస్ వద్దు. చార్జర్ పీకేసిన ల్యాప్‌టాప్, దాన్నుంచే పవర్ తీసుకునే యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక మైకు, అంతే. టెలిఫోను వాళ్ళలాగే నేరుగా బ్యాటరీ మీద.

మొన్న ఫోన్లో ఆ రెండో పాట మళ్ళీ పాడమన్నాను. రెండు చరణాలు పాడి, "మూడోది గుర్తు రావట్లేదురా" అంది. సంక్రాంతికి మూడూ పాడింది. ఆ మూడో చరణం ఇప్పుడు ఆ మోత వెనకాలే ఉంది.