దాయమ్మ చేతులు



మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలని మన పెద్దలు ఊరికే అనలేదు. అర్ధరాత్రి పిలుపొచ్చినా, వాన కురుస్తున్నా లేచి పోవాల్సిందే. మా ఇబ్రహీంపట్నం అవతల మంచాల, యాచారం వైపు తండాల్లో ఒకప్పుడు పురుడంటే దాయమ్మే. నొప్పులు పడే తల్లికి ఆమె మాటే సగం బలం.

మరి అంత అనుభవం ఉండీ పసికందులు ఎందుకు పోయేవారంటారా? బొడ్డు కోసేది కొడవలితోనో, దొరికిన కత్తితోనో. పుండు మీద బూడిదో, పేడో అద్దేవారు. ధనుర్వాతం క్రిములు ఉండేది ఆ మట్టిలోనూ, పేడలోనే! వారం తిరిగేలోగా బిడ్డ చన్ను పట్టలేక, ఒళ్ళు విల్లులా బిగుసుకుని పోయేది. గ్రహం సోకిందనుకునేవారు. దాయమ్మ మనసులో లోపం లేదండీ, ఆమెకు చెప్పినవారు లేరు.

చెప్పాలన్న ఆలోచన పాతదే. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో లేడీ కర్జన్ పూనికతో ఏర్పడిన విక్టోరియా స్మారక నిధి దాయీల శిక్షణకు పూనుకుంది. చదువుకున్న మంత్రసానులు సరిపడా తయారయ్యేదాకా దాయీలకే తర్ఫీదు ఇమ్మని 1946లో భోర్ కమిటీ చెప్పింది. 1977లో గ్రామీణ ఆరోగ్య పథకంతో అది ఊరూరికీ చేరే కార్యక్రమమైంది. ముప్పై పనిదినాల శిక్షణ, 300 రూపాయల భత్యం, చివర ఒక పురుటి పెట్టె. వారంలో రెండు రోజులు ఆరోగ్య కేంద్రంలో పాఠం, తక్కిన రోజులు నర్సమ్మ వెంట ఇల్లిల్లూ తిరగడం.

అక్షరం రాని ఆమెకు వేళ్ళ మీద లెక్కపెట్టి నేర్పగలిగిన పాఠం ఒకటుంది: చేతులు శుభ్రం, పక్క శుభ్రం, బ్లేడు శుభ్రం, దారం శుభ్రం, బొడ్డు శుభ్రం. ఈ ఐదు శుభ్రాలూ, గర్భిణులకు టీకాలూ, ఆస్పత్రి కాన్పులూ కలిసి పనిచేశాయి. 2015లో మన దేశం తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

అయితే నెత్తురు ఆగకుండా పోతుంటే, బిడ్డ అడ్డం తిరిగితే దాయమ్మ ఒక్కతే ఏం చేయగలదు? అందుకే 2005లో జననీ సురక్ష యోజన వచ్చింది, కాన్పులు ఆస్పత్రికి మళ్ళాయి. 2019-21 సర్వే నాటికి తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే. మంచిదే. దాయమ్మ మెల్లగా తెరమరుగైంది.

కానీ ఒక్కమాట. 2022 ఆగస్టులో మన ఇబ్రహీంపట్నంలోనే కుటుంబ నియంత్రణ శిబిరంలో 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు కన్నుమూశారు. ఇన్‌ఫెక్షన్ సోకడమే కారణమన్నారు. పూరింట్లో దాయమ్మకు మనం నేర్పిన మొదటి పాఠమేమిటో గుర్తుందా? చేతులు శుభ్రం! ఆ పాఠం పక్కా భవనానికీ వర్తిస్తుంది, పెద్ద చదువుకూ వర్తిస్తుంది.

అందుకే అక్కా, రేపు మీ బిడ్డను పురిటికి తోలుకపోతే, చేతులు కడుక్కున్నారా అని అడగడానికి మొహమాటపడకండి. పక్కన కూర్చుని ధైర్యం చెప్పే దాయమ్మ లాంటి మనిషి ఒకరుండేలా కూడా చూసుకోండి.