పందొమ్మిదో నంబరు

దసరా సెలవులు ముగిశాయి. కదిరి దాటాక మండల కేంద్రంలో పల్లెవెలుగు బస్సు దిగుతారు మీరు. రోడ్డు పక్క చేలో వేరుశనగ పీకుతున్నారు. చెట్టుకు రెండు కాయలుంటే గొప్ప.

కస్తూర్బా బాలికా విద్యాలయంలో ఎనిమిదో తరగతి మేడం హాజరు పిలుస్తోంది. చదువు మానేసిన ఆడపిల్లల కోసం 2004లో మొదలైన హాస్టల్ బళ్లు ఇవి. "ప్రెజెంట్ మేడం." "ప్రెజెంట్ మేడం." పందొమ్మిదో నంబరు పలకలేదు.

వెనక బెంచీ పిల్ల తలెత్తకుండా అంది: "వాళ్ల చిన్నమ్మ పూణేకి పిలుచుకపోతాదంట మేడం. కుట్టుపనంట."

మేడం పెన్ను ఆగింది. పని ఉందని ఈ పక్కనుంచి తీసుకెళ్లిన ఆడవాళ్లు పూణే రెడ్‌లైట్ ఏరియా బుధవార్ పేటలో తేలడం ఇక్కడ పాత సంగతే. తీసుకెళ్లేది బూచోడేం కాదు. చాలాసార్లు చుట్టమే, లేకుంటే ఊరి మనిషే. ముందు అడ్వాన్సు చేతిలో పడుతుంది.

మధ్యాహ్నం మేడం వెంట మీరూ ఆ ఇంటి గడప ఎక్కుతారు. తల్లి కాయలు ఒలుస్తోంది.

"ఏమ్మా, పాప ఏదీ?"

"లోపలుండాది మేడం. బోరు ఎండిపాయ, అప్పు అట్లనే ఉండాది. ఏం జేసేది?"

"పని యాడ? అడ్రసు చెప్పమను."

చిన్నమ్మ ఫోన్ చూసుకుంటోంది. అడ్రసు రాలేదు. పిల్లే బయటికొచ్చింది. "ఎవురన్నా అడిగితే పద్దెనిమిదేండ్లని చెప్పమనింది మేడం."

మేడం గొంతు మారింది. "దీని పుట్టిన తేదీ మా రిజిస్టర్‌లో ఉండాది." ఉత్త బెదిరింపు కాదది. వయసు తేల్చాల్సి వస్తే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ముందుగా చూడమనేది బడి ఇచ్చే పుట్టినతేదీ సర్టిఫికెట్‌నే. బడి మొహం చూడని పిల్లను పద్దెనిమిది దాటిందనడం ఎంత తేలికో చిన్నమ్మకు తెలుసు. హాస్టల్లో తిండీ బట్టా సర్కారువే అని మేడం గుర్తుచేసింది. తల్లి చేట పక్కన పెట్టి, పిల్ల సంచి తెచ్చిచ్చింది.

అప్పు మాత్రం అట్లాగే ఉంది. అదెవరు తీరుస్తారో మేడం చెప్పలేదు, తల్లీ అడగలేదు.

చిన్నమ్మ మూతి తిప్పుకుంది. "మీ పాపను మీరే పెట్టుకోండి. పక్కింటి పాప వస్తానంటాంది."

పక్కింటి పాప పది తప్పి ఇంట్లోనే ఉంది. ఆమె పేరు ఇప్పుడు ఏ బడి హాజరు పట్టీలోనూ లేదు. రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవాళ్లూ లేరు.

మేడం గడప దిగలేదు. అక్కడే నిలబడి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ కొట్టింది.