మెదక్ గ్రౌండులో ఒక మైలు

పోయిన ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ పరిగెత్తాను. రెండు గంటల పద్దెనిమిది నిమిషాలు. అంతకు ముందు ఏడాది రెండు గంటల పదకొండు. అంటే ఏడాదంతా పొద్దున్నే లేచి కష్టపడి ఏడు నిమిషాలు వెనక్కి పోయానన్నమాట. మా ఆఫీసులో నాతో పాటు పరిగెత్తేవాళ్ళు ఇంకో ముగ్గురున్నారు. పరుగు రెండు మూడు గంటల్లో అయిపోతుంది గానీ, దాని పోస్టుమార్టం మూడు వారాలు నడుస్తుంది మాకు. ఫ్లైఓవర్లు ఎక్కేటప్పుడు కాళ్ళు పట్టేశాయని ఒకడు, గాలిలో తేమ ఎక్కువుందని ఇంకొకడు. జూలైలో రిలీజు ఉండటం వల్ల మూడు ఆదివారాలు లాంగ్ రన్ ఎగ్గొట్టానని నేను. అసలు కారణం అందరికీ తెలుసు. మొదటి ఐదు కిలోమీటర్లూ ఉత్సాహంగా ఉరికి, ఆఖరి ఐదు కిలోమీటర్లూ ఈడ్చుకుంటూ వచ్చాం. ప్రతి ఏడూ ఇంతే.

దసరాకి మెదక్ వెళ్ళినప్పుడు, అలవాటు చొప్పున పొద్దున ఐదున్నరకి గ్రౌండుకి పోయాను. దూరంగా చర్చి టవరు మీద అప్పుడప్పుడే వెలుగు పడుతోంది. నేనొక్కడినే ఉంటాననుకుంటే అక్కడ పాతిక మంది దాకా పిల్లలు. సున్నం పోసి నాలుగొందల మీటర్లు గీసుకున్నారు. నా వాచీలో చూస్తే అటూ ఇటూగా సరిగ్గానే ఉంది. అందరూ పోలీసు ఉద్యోగానికి తయారవుతున్న వాళ్ళు.

అందులో ఒకతను నా ఫినిషర్ టీషర్టు చూసి ఆగాడు.

"అన్నా, మారథాన్ ఉరికినవా? ఫస్టు వస్తే ఎన్ని పైసలిస్తరు?"

"ఫస్టు వచ్చేటోళ్ళకు ఇస్తరు తమ్మీ. మాకేమియ్యరు. మేమే ఫీజు కట్టి ఉరుకుతం."

"పైసలు కట్టి ఉరుకుతరా?" అని నవ్వాడు. పక్కనున్న వాళ్ళకి కూడా చెప్పాడు, వాళ్ళూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గానీ, ఇంటికొచ్చాక ఆ ప్రశ్న వదల్లేదు.

ఆలోచిస్తే చరిత్రలో ఎక్కువ కాలం నవ్వొచ్చే పక్షం మాదే. మనిషి దూరం పరిగెత్తాడంటే వేట కోసమో, భయం కోసమో, జీతం కోసమో. మారథాన్‌కి మూలపురుషుడని చెప్పే ఫిడిప్పిడిస్ సంగతే చూడండి. గెలిచాం అని అరిచి కుప్పకూలిపోయాడన్న కథ ఆ యుద్ధం జరిగిన కొన్ని వందల ఏళ్ళ తర్వాత రాసిన వాళ్ళది. దానికి చాలా దగ్గరి కాలం వాడైన హెరొడోటస్ రాసింది వేరు: సాయం అడగడానికి ఏథెన్స్ వాళ్ళు అతన్ని స్పార్టాకి పంపారని, అతను వృత్తిరీత్యా వార్తలు మోసే పరుగరి అని. అంటే అది అతని నౌకరీ. మన భాషలో హర్కారా.

మన దగ్గరి హర్కారాల గురించి ఇబ్న్ బతూతా వివరంగా రాశాడు. అతను మన దేశానికొచ్చింది 1333లో, మహమ్మద్ బిన్ తుగ్లక్ రోజుల్లో. మైలుకి మూడు చోట్ల కాలినడక తపాలా మనుషులు సిద్ధంగా ఉండేవారట. ఒక చేతిలో ఉత్తరం, ఇంకో చేతిలో రాగి మువ్వలు కట్టిన కర్ర. మువ్వల చప్పుడు వినపడగానే తర్వాతి వాడు లేచి నిలబడేవాడు. గుర్రం మీద వెళ్ళే తపాలా కన్నా ఇదే వేగమని రాశాడు. సుల్తాను దౌలతాబాద్‌లో ఉన్నప్పుడు, నలభై రోజుల దారిలో ఉన్న గంగ నుంచి ఆయన తాగే నీళ్ళు కూడా ఇలాగే మోసుకొచ్చేవారట. దక్కన్‌లో నీళ్ళు దొరకలేదు కాబోలు పాపం :)

మూడు వందల ఏళ్ళ తర్వాత గోల్కొండ వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే కూడా ఇదే మాట. రౌతు కన్నా కాలిబంటే ముందు చేరతాడని, దారిలో గుడిసెల్లో మనుషులు కాచుకుని ఉంటారని. వచ్చినవాడు ఉత్తరాన్ని చేతికివ్వడట, అది అపశకునమట, కింద పడేస్తే తర్వాతివాడు తీసుకుని ఉరుకుతాడు. ఆ తపాలాలోంచే కదా మనం రోజూ రాసుకునే టపా వచ్చింది. టైపు చేసేటప్పుడు ఎవడి కాళ్ళ నొప్పులూ గుర్తుకురావు గానీ.

ఇంతమంది పరిగెత్తారు గదా, ఒక్కడి పేరు గానీ, ఎంతసేపట్లో ఎంత దూరం పోయాడన్న లెక్క గానీ మిగల్లేదు. ఉత్తరం చేరిన రోజు రాసుకున్నారు గానీ, చేర్చినవాడి టైము ఎవరూ రాసుకోలేదు.

సరే, మరి జీతం లేకుండా పరిగెత్తడం ఎప్పుడు గొప్పయింది? పందొమ్మిదో శతాబ్దం ఇంగ్లండులో. అంతకు ముందు అక్కడా పరుగంటే నౌకర్లదే. దొరలు తమ బండి ముందు ఉరికే నౌకర్ల మీద పందేలు కాసేవారు. తర్వాత దొరల పిల్లలే కాలేజీల్లో పరిగెత్తడం మొదలుపెట్టారు. అప్పుడొచ్చింది చిక్కు. కష్టం చేసుకునే వాడితో కలిసి పరిగెడితే ఓడిపోతామేమోనని భయం, గెలిచినా నామోషీ. 1860ల్లో వాళ్ళ క్లబ్బు "అమెచ్యూర్" అన్న మాటకి నిర్వచనం రాసుకుంది. డబ్బు కోసం పరిగెత్తినవాడు కాకూడదు, అంతవరకు సరే. మెకానిక్కో, చేతిపనివాడో, కూలీయో కూడా అయ్యుండకూడదు! ఫ్రెంచిలో అమెచ్యూర్ అంటే ప్రేమించేవాడని అర్థం. కూలివాడికి ప్రేమించే హక్కు లేదన్నమాట. 1880లో అమెచ్యూర్ అథ్లెటిక్ అసోసియేషన్ పెట్టినప్పుడు ఈ పనివాళ్ళ నిబంధన ఎత్తేశారు. డబ్బు నిబంధన మాత్రం ఇంకో వందేళ్ళు ఉంది. తమాషా ఏంటంటే, 1896లో ఏథెన్స్‌లో మొట్టమొదటి ఒలింపిక్ మారథాన్ గెలిచిన స్పిరిడాన్ లూయిస్ నీళ్ళు మోసి అమ్ముకునేవాడు.

ఈ అమెచ్యూర్ల కథలో నాకు ఎప్పుడూ ఇష్టమైన భాగం రోజర్ బానిస్టర్‌ది. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో మైలుని 3 నిమిషాల 59.4 సెకన్లలో పరిగెత్తాడు, నాలుగు నిమిషాల లోపు మొదటి మనిషి. పాతికేళ్ళ వైద్య విద్యార్థి. ఆ రోజు పొద్దున కూడా లండన్‌లో ఆసుపత్రికి పోయే వచ్చాడు. రికార్డు సంగతి అందరికీ తెలిసిందే, నాకు నచ్చేవి రెండు చిన్న విషయాలు. ఒకటి, ఆ చలికాలమంతా అతని ట్రెయినింగ్ పావుమైలు చొప్పున పది పరుగులు, మధ్యలో రెండేసి నిమిషాల విశ్రాంతి. పావుమైలు 66 సెకన్ల నుంచి 61 దాకా దిగింది, అక్కడ ఆగిపోయింది. ఎంత చేసినా 61 దాటదు. విసుగొచ్చి స్నేహితుడు బ్రాషర్‌తో స్కాట్లండ్ కొండలెక్కడానికి పోయాడు. కొన్ని రోజులు పరుగే లేదు. తిరిగొచ్చి చూస్తే 59.

రెండోది, రికార్డు రోజున ముందు పరిగెత్తి పేస్ ఇస్తున్న ఆ బ్రాషర్‌ని మొదటి చుట్టులోనే బానిస్టర్ "ఇంకా స్పీడు" అని అరిచాడు. బ్రాషర్ పట్టించుకోలేదు, తన లెక్క ప్రకారమే పోయాడు. నాలుగు చుట్లూ 57.5, 60.7, 62.3, 58.9. ఆ అరుపు వినుంటే ఏమయ్యేదో చెప్పలేం.

ఇక నాలాంటి పొట్ట ఉన్నవాళ్ళు రోడ్డెక్కడానికి కారణం న్యూజిలాండ్‌లో చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసిన ఆర్థర్ లిడియార్డ్. మెల్లగా, ఎక్కువ దూరం పరిగెత్తితే వేగం దానంతటదే వస్తుందని ముందు తన ఒంటి మీదే ప్రయోగం చేసుకున్నాడు. అతని శిష్యులు స్నెల్, హాల్‌బర్గ్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఒకే సాయంత్రం 800 మీటర్లు, 5000 మీటర్లు గెలిచారు. ఎనిమిదొందల మీటర్లు పరిగెత్తేవాడి చేత వారానికి నూరు మైళ్ళు చేయించాడని అప్పట్లో అందరూ ముక్కున వేలేసుకున్నారు. అదే పద్ధతిని అతను గుండె జబ్బుల వాళ్ళకీ నేర్పాడు. 1962 చివర్లో అమెరికా కోచ్ బిల్ బవర్‌మన్ అక్కడికి పోయి ఆ గుంపుతో పరిగెత్తబోయి, డెబ్భై దాటిన ఒక పెద్దాయన వెనక పడిపోయాడట. ఇంటికెళ్ళి 1967లో "జాగింగ్" అని ఒక డాక్టరుతో కలిసి పుస్తకం రాశాడు. 1970లో న్యూయార్క్ మొదటి మారథాన్‌కి 127 మంది వస్తే పూర్తి చేసింది 55 మంది. ఆ గాలి మన దాకా రావడానికి చాలా ఏళ్ళే పట్టింది: ముంబై మారథాన్ 2004లో, హైదరాబాద్ రన్నర్స్ 2007లో, హైదరాబాద్ మారథాన్ 2011లో. సాఫ్ట్‌వేర్ జీతాలు, ఏసీ గదులు, షుగరు రిపోర్టులు, ఇవన్నీ కలిసొచ్చాయి.

మెదక్ గ్రౌండుకి మాత్రం పరుగు ఇంకో దారిలో వచ్చింది. తావెర్నియే చూసిన దారి అనొచ్చు, నౌకరీ దారి. ఉమ్మడి రాష్ట్రంలో కానిస్టేబులు కావాలంటే మగవాళ్ళు 5 కిలోమీటర్లు పాతిక నిమిషాల్లో ఉరకాలి. కిలోమీటరుకి ఐదు నిమిషాలు. మా ఆఫీసు గుంపులో అది ఒక్కడికీ రాదు. అలవాటు లేకుండా, నోటిఫికేషన్ వచ్చాక రెండు నెలలు ఒంటిని విరగ్గొట్టుకుని, ఎండలో లైన్లో నిలబడి ఉరికి ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్ళున్నారు. తెలంగాణ వచ్చాక దాన్ని తీసేసి 800 మీటర్లు 170 సెకన్లు అన్నారు. 2022 నోటిఫికేషన్‌కి వచ్చేసరికి అది మగవాళ్ళకి 1600 మీటర్లు ఏడు నిమిషాల పదిహేను సెకన్లు, ఆడవాళ్ళకి 800 మీటర్లు ఐదు నిమిషాల ఇరవై సెకన్లు అయింది. నా మట్టుకు ఇది మంచి మార్పే అనిపిస్తుంది. కానీ అన్ని చోట్లా నేర్చుకోలేదు. 2024లో జార్ఖండ్‌లో ఎక్సైజు కానిస్టేబుళ్ళకి గంటలో పది కిలోమీటర్లు పెడితే పదిమందికి పైగా పిల్లలు చనిపోయారు. మేం పది కిలోమీటర్లు పరిగెడితే చివర్లో అరటిపండు, మెడల్ ఇస్తారు.

1600 మీటర్లంటే మైలుకి తొమ్మిది మీటర్లు తక్కువ. బానిస్టర్ మైలే అది, కాకపోతే మూడు నిమిషాలు ఎక్కువ టైమిచ్చారు. ఆ రోజు నన్ను పైసలడిగిన తమ్ముడు 2022 డిసెంబరులో దాన్ని 7:22లో కొట్టాడు.

"ఏడు సెకన్లల్ల పోయిందన్నా. రాతపరీక్ష పాసైన. ఈడ పోయింది."

చిప్ టైమింగ్ వాళ్ళకీ ఉంటుంది, మాకు లాగానే. మాకు బిబ్బు వెనక చిప్పు ఉంటే సర్టిఫికెట్ మీద సెకన్లతో సహా వస్తుంది, ఫ్రేము కట్టించుకుంటాం. అతనికి ఆ సెకన్లతో ఇంట్లో మూడేళ్ళుగా మాటలు.

మర్నాడు నా వాచీతో అతని చుట్లు లెక్కపెట్టాను. మొదటిది 84 సెకన్లు. రెండోది 106. మూడు 121, నాలుగు 127. మొత్తం 7:18. చూడగానే తెలిసిపోయింది, ఇది మా పోస్టుమార్టంలో వచ్చే జబ్బే. చుట్టుకి 108 చొప్పున పోతే 7:12 అవుతుంది, అంతే లెక్క. అతనికి కొత్త బలం ఏమీ అక్కర్లేదు. ఎలా తయారవుతున్నావని అడిగితే, రోజూ పొద్దున సాయంత్రం రెండు పూటలా 1600 పూర్తి జోరుతో కొడతానన్నాడు. ఆదివారం కూడా. విశ్రాంతి తీసుకుంటే కాళ్ళు పట్టేస్తాయని కోచింగులో చెప్పారట. మోకాలి కింద ఎముక మీద వేలు పెడితే అదిరిపడుతున్నాడు. రెండు పూటలు మూడేళ్ళ పాటు ఒకే తప్పు.

బానిస్టర్ కొండలెక్కిన కథ చెప్పాను. లిడియార్డ్ సంగతి చెప్పాను. వారంలో నాలుగు రోజులు మాట్లాడుకునేంత మెల్లగా ఐదారు కిలోమీటర్లు, ఒక రోజు నాలుగొందలు ఆగి ఆగి, ఒక రోజు పడుకో అన్నాను. ఇందులో నా గొప్పేం లేదు, ఇంటర్నెట్లో ఫ్రీగా దొరికే సరుకే. కాకపోతే ఇంగ్లీషులో దొరుకుతుంది, అదీ నాలాంటివాడి కోసం రాసి ఉంటుంది. పరుగు అవసరం లేని వాడికి అన్నీ తెలుసు, అవసరం ఉన్నవాడికి కోచింగు సారు చెప్పిందే తెలుసు.

అంతా విని, "సల్లగ ఉరికితే స్పీడ్ ఎట్ల వస్తదన్నా?" అన్నాడు. మెల్లగా పరిగెడితే దూరం నుంచి చూసే సారు పని దొంగ అనుకుంటాడని అసలు భయం. అది కూడా నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు.

మూడో రోజు మాత్రం ఒక పని చేశాం. నేను గీత పక్కన నిలబడి మొదటి చుట్టులో "సల్లగ, సల్లగ" అని అరిచాను. 101. రెండోది 107. మూడోది 111. నాలుగో చుట్టుకి నా అరుపు అవసరం పడలేదు, మిగతా పిల్లలే అరిచారు. 108. మొత్తం 7:07. వచ్చి గడ్డిలో పడుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత లేచి, "నువ్వు కొట్టన్నా ఒకసారి" అన్నాడు. నేనెప్పుడూ మైలు టైము చూసుకోలేదు, మాదంతా ఇరవయ్యొకటి, పది. నా వాచీ తనే పట్టుకుని పక్కన నిలబడ్డాడు. మొదటి చుట్టు అందరి ముందూ పరువు కోసం 104లో కొట్టాను. చివరి చుట్టులో ఏమైందో చెప్పను.

8:26. క్వాలిఫై కాలేదు.