క్లేర్: ప్రవేశం లేని సభకు ఎన్నికైనవారి కథ

ఎన్నికల్లో గెలిచినవాడు సభలో కూర్చుంటాడనేది ప్రజాస్వామ్యంలో మనం ప్రశ్నించని మౌలిక విశ్వాసం. ఐర్లండ్ పశ్చిమ తీరాన, అట్లాంటిక్ మహాసముద్రపు ఒడ్డున ఉన్న క్లేర్ అనే జిల్లా చరిత్ర ఈ విశ్వాసాన్ని రెండు మార్లు తలకిందులు చేసింది. 1828లో అక్కడ గెలిచినవానిని బ్రిటిష్ పార్లమెంటు లోనికి రానివ్వలేదు. 1917లో గెలిచినవాడు ఆ పార్లమెంటు గడప తొక్కడానికే నిరాకరించాడు. ఈ రెండు గెలుపులూ సభ లోపల సాధించిన అనేక విజయాలకన్నా ఎక్కువగా ఐర్లండ్ చరిత్రను మలుపు తిప్పాయి.

1801లో విలీన చట్టం అమలులోకి రావడంతో డబ్లిన్ పార్లమెంటు రద్దయింది. ఐర్లండ్‌కు లండన్ కామన్స్ సభలో 100 స్థానాలు కేటాయించారు. వాటిలో క్లేర్ జిల్లాకు రెండు. ఐర్లండ్ జనాభాలో అత్యధికులు కేథలిక్కులు. 1793 చట్టం వారికి ఓటు హక్కునిచ్చింది గాని, ఎన్నికైన సభ్యుడు చేయవలసిన ప్రమాణం వారి మతవిశ్వాసాన్నే విగ్రహారాధనగా ఖండించేది. అందువల్ల ఓటు వేయవచ్చు, సభలో మాత్రం కూర్చోరాదు. చట్టంలో ఒక సందు మిగిలింది: కేథలిక్కు అభ్యర్థిగా నిలబడరాదని ఎక్కడా రాసి లేదు.

ఆ సందును పట్టుకున్నవాడు డేనియల్ ఓకానెల్ అనే న్యాయవాది. ఆయన 1823లో కేథలిక్ అసోసియేషన్‌ను స్థాపించి, మరుసటి ఏడు నెలకు ఒక పెన్నీ చందాతో సామాన్య రైతును సైతం అందులో చేర్చుకున్నాడు. దాదాపు ఒక శతాబ్దం తరువాత నాలుగణాల సభ్యత్వంతో కాంగ్రెసు పల్లెలకు చేరిన తీరు తెలిసినవారికి ఈ పద్ధతి బలం వేరుగా చెప్పనక్కరలేదు. చందా ఇచ్చినవాడు ఉద్యమాన్ని తనదిగా భావిస్తాడు.

1828లో క్లేర్ సభ్యుడు వెసీ ఫిట్జ్‌జెరాల్డ్ మంత్రి పదవి స్వీకరించాడు. పదవి పుచ్చుకున్న సభ్యుడు తిరిగి ప్రజల తీర్పు కోరాలన్నది నాటి నిబంధన. ఫిట్జ్‌జెరాల్డ్ కేథలిక్కులకు శత్రువు కాడు. వారి హక్కులను సమర్థించినవాడే. ఆయన తండ్రి విలీనాన్ని వ్యతిరేకించి జనాదరణ పొందినవాడు. అయినా ఓకానెల్ ఆయనపై నిలబడ్డాడు. పోరు వ్యక్తిపై కాదు, ప్రభుత్వంపై.

నాటి ఓటర్లలో అత్యధికులు నలభై షిల్లింగుల ఓటర్లు. జీవితకాలపు కౌలుపై ఉన్న భూమి శిస్తు పోను ఏడాదికి నలభై షిల్లింగుల విలువ చేస్తే ఓటు వచ్చేది. రహస్య ఓటింగ్ లేదు. అధికారి ముందు నిలబడి అభ్యర్థి పేరు బిగ్గరగా చెప్పాలి. అందుకే భూస్వాములు ఈ ఓటర్లను తమ మందగా లెక్కించి, కౌళ్లను ముక్కలు చేసి మరీ వారి సంఖ్యను పెంచుకున్నారు. 1826లో వాటర్‌ఫర్డ్ జిల్లాలో ఆ మంద మొదటిసారి ఎదురుతిరిగింది. రెండేళ్లకు క్లేర్ వంతు వచ్చింది. మతగురువుల వెంట బారులు తీరి, సారా ముట్టకుండా రైతులు ఎనిస్ పట్టణానికి నడిచి వచ్చారు. ఓకానెల్‌కు 2,057 ఓట్లు, ఫిట్జ్‌జెరాల్డ్‌కు 982. భూమినుండి తొలగిస్తారన్న భయం కళ్లెదుట ఉండగా, యజమాని వింటుండగా పలికిన ఓట్లవి.

ప్రధాని వెల్లింగ్టన్, హోం మంత్రి రాబర్ట్ పీల్ అప్పటివరకు కేథలిక్కుల హక్కులకు బద్ధవ్యతిరేకులు. కానీ క్లేర్‌లో జరిగినది ప్రతి జిల్లాలోనూ జరిగితే ఐర్లండ్‌ను పాలించడం అసాధ్యమని వారికి అర్థమైంది. 1829 ఏప్రిల్‌లో కేథలిక్ విమోచన చట్టం వెలువడింది. అయితే అది ముందటి ఎన్నికలకు వర్తించదన్నారు. మే నెలలో పాత ప్రమాణం చేయడానికి నిరాకరించిన ఓకానెల్‌ను కామన్స్ సభ వెనక్కి పంపింది. జూలైలో క్లేర్ ఆయనను పోటీ లేకుండా మళ్లీ ఎన్నుకుంది.

పాఠ్యపుస్తకాలలో కథ ఇక్కడితో మంగళం పాడుకుంటుంది. కానీ విమోచన చట్టంతో పాటే మరొక చట్టం వచ్చింది. జిల్లాలలో ఓటు అర్హత నలభై షిల్లింగుల నుండి పది పౌండ్లకు, అంటే ఒక్కసారిగా ఐదు రెట్లకు పెరిగింది. రెండు లక్షలు దాటిన జిల్లా ఓటర్లు నలభై వేలకు లోపయ్యారు. ఓకానెల్‌ను గెలిపించిన రైతులలో అత్యధికులు ఆ గెలుపు ఫలంగానే ఓటు కోల్పోయారు. 1825లో ఇటువంటి బేరానికే తలూపిన ఓకానెల్, వాటర్‌ఫర్డ్ రైతుల ధైర్యం చూశాక వారి ఓటును వదులుకోనని మాట ఇచ్చాడు. తీరా 1829లో ఆయన నిరసన బలహీనంగానే మిగిలిపోయింది. చదువుకున్న కేథలిక్కుకు సభలో ఆసనం దొరికింది. కౌలురైతు చేతిలో ఉన్నది పోయింది. హక్కుల చరిత్రలో ఇది అరుదైన ఉదంతం కాదు. పోరాడినవాడు ఒకడు, ఫలం అందుకున్నవాడు మరొకడు కావడం మనమూ ఎరిగినదే.

అటుపిమ్మట వచ్చిన మహాక్షామం, వలసలు క్లేర్‌ను ఖాళీ చేశాయి. 1841లో సుమారు 2 లక్షల 86 వేలున్న జనాభా 1881 నాటికి సుమారు 1 లక్షా 41 వేలకు, అంటే సగానికి పడిపోయింది. అయినా 1885 పునర్విభజనలో జిల్లాను తూర్పు, పశ్చిమ క్లేర్‌లుగా చీల్చారే తప్ప స్థానాలు రెండుగానే ఉంచారు. ఐర్లండ్ మొత్తానికీ ఇదే వర్తించింది. జనాభా తగ్గింది కనుక స్థానాలు తగ్గించాలని బ్రిటన్‌లో కొందరు వాదించారు. విలీన చట్టం ఒక ఒప్పందమని, అందులోని 100 స్థానాల హామీని ఒక పక్షం తనంతట తానుగా మార్చరాదని ఐరిష్ సభ్యులు బదులిచ్చారు. తలల లెక్కే ప్రాతినిధ్యమా, లేక సమాఖ్యలో చేరిన నాటి మాటకు విలువ ఉందా? నియోజకవర్గాల పునర్విభజనపై దక్షిణాది రాష్ట్రాలలో నేడు సాగుతున్న చర్చకు ఇది దూరపు చుట్టమేమీ కాదు.

రెండవ మలుపు తూర్పు క్లేర్‌లో వచ్చింది. 1892 నుండి అక్కడి సభ్యుడు విలీ రెడ్మండ్. చట్టసభ ద్వారానే స్వపరిపాలన సాధ్యమని నమ్మిన పార్టీ నాయకుడు జాన్ రెడ్మండ్‌కు తమ్ముడు. బ్రిటిష్ సైన్యంలో చేరి 1917 జూన్‌లో బెల్జియంలోని మెసిన్ వద్ద మరణించాడు. ఆ ఖాళీలో పోటీకి దిగినవాడు ఈమన్ డి వాలెరా. 1916 ఈస్టర్ తిరుగుబాటులో మరణశిక్ష పడి, అది యావజ్జీవంగా మారి, అప్పుడే జైలు నుండి విడుదలైన వ్యక్తి. గెలిచినా లండన్ వెళ్లనని చెప్పి మరీ ఓటడిగాడు. ప్రత్యర్థి 2,035 ఓట్లకు 5,010 ఓట్లతో గెలిచాడు. మరుసటి ఏడు సాధారణ ఎన్నికల్లో ఐర్లండ్‌లోని 105 స్థానాలలో షిన్ ఫేన్ 73 గెలిచింది. 1919 జనవరిలో ఆ పార్టీ సభ్యులు డబ్లిన్‌లో సొంత సభను నెలకొల్పారు.

ఈ గాలి మన వైపూ వీచింది. 1894 మద్రాసు కాంగ్రెసుకు అధ్యక్షత వహించిన ఆల్ఫ్రెడ్ వెబ్ ఐరిష్ పార్లమెంటు సభ్యుడు. తదనంతరం మన రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1913 నుండి 1916 వరకు డబ్లిన్‌లో న్యాయవిద్య అభ్యసించాడు. శాసనసభల్లో చేరి లోపలినుండి పోరాడాలా, బయటే ఉండాలా అని 1922 గయ కాంగ్రెసులో మనవారు పడిన తర్జనభర్జన క్లేర్ ఓటర్లకు అప్పటికే పరిచితమైన ప్రశ్న.

1922లో ఐరిష్ స్వేచ్ఛా రాజ్యం ఏర్పడడంతో లండన్ సభలో క్లేర్ స్థానాలు అంతరించాయి. అయినా అక్కడి ఓటర్లు డి వాలెరాను విడువలేదు. 1959లో దేశాధ్యక్షుడయ్యే వరకు ఆయన క్లేర్ ప్రతినిధిగానే ఉన్నాడు.

క్లేర్ మనకు చెప్పేది ఇది: సభ తలుపు మూసినా ప్రజల తీర్పుకు విలువ పోదు. ఒక్కొక్కప్పుడు మూసిన తలుపే ఆ తీర్పును దేశమంతటికీ వినిపిస్తుంది. అందుకే పాలకులు గెలిచినవానిని ఆపలేనప్పుడు, గెలిపించినవారిని జాబితానుండి తొలగించే దారి వెదుకుతారు. 1829లో వెల్లింగ్టన్ చేసినది అదే. ఒక హక్కు లభించిన రోజున సంబరాల మధ్య ఎవరి పేర్లు కొట్టివేయబడుతున్నాయో చూడటం పౌరుని మొదటి కర్తవ్యం. ఎనిస్‌లో యజమాని ఎదుట గొంతెత్తిన ఆ రైతుల పక్షాన నాడు ఆ పని చేసినవారు తగినంతమంది లేకపోయారు.